జగన్నాధం సినిమా పెట్టని రోజు

సాలూరులోని ఒక లారీ యార్డులో జగన్నాధం గుమస్తా. లోడు వచ్చినప్పుడు ఎవరి లారీ ముందు కదలాలో రాసే వంతు పుస్తకం ఆయన చేతిలో ఉంటుంది. ప్రపంచంలో యుద్ధాలు సరిహద్దుల కోసం జరుగుతాయంటారు. ఈ యార్డులో వంతు కోసం జరుగుతాయి. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆయన మూడు తలలు పగలడం, ఒక దవడ పక్కకు జరగడం, ఒక చెవి కొస మాయమవడం కళ్లారా చూశారు. ఆ చెవి కొస కోసం సాయంత్రం దాకా వెతికారు. యార్డు కుక్క మీద అనుమానం ఇప్పటికీ ఉంది.

యార్డుకు ఒకటే చట్టం: చెయ్యెత్తినవాడి బండి వరస చివరికి పోతుంది. గొప్ప చట్టమే గానీ, చెయ్యి లేచాకే అమల్లోకి వస్తుంది. లేవకముందు పనిచేసేదాన్ని జగన్నాధం కనిపెట్టారు. అది యార్డు టీవీలో పెట్టే ఒక సినిమా.

దానికి కథ లేదు. ఉంటే బాగుండునని ఎవరూ అనుకోలేదు. పెళ్లికొడుకు తొలిచిన పనసకాయను టోపీలా పెట్టుకుని తిరుగుతాడు. మావగారు పేడలో జారిపడతాడు, లేస్తాడు, మళ్లీ అందులోనే పడతాడు. మొగుడు చెంపమీద కొడితే పెళ్లాం మూడు చుట్లు తిరిగి, పిండి డబ్బాలో కూలబడి, తెల్లటి మొహంతో తుమ్ముతుంది. దెబ్బ పడ్డ ప్రతిసారీ తాటాకు టపాకాయలా 'ఠప్పు'మని మోత. రాడ్లు పట్టుకుని ఒకరి మీదికొకరు వచ్చే డ్రైవర్లు ఆ తుమ్ము దగ్గర ఆగిపోయేవారు. నవ్వే మనిషి కొట్టలేడని జగన్నాధం సిద్ధాంతం. ఆ పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో, కుంకుమ పొట్లం పక్కన, భక్తితో ఉంచుకునేవారు.

"ఏటి బాబూ, మల్లీ అదేనా?" అని ముసలి డ్రైవరు కూర్మయ్య విసుక్కునేవాడు.

"మల్లీ కొట్టుకుంతన్నారు గదా!"

విసుక్కున్న కూర్మయ్యే అందరికంటే ముందు నవ్వేవాడు.

మొన్న వానాకాలంలో జగన్నాధం కూతురు యమున పుట్టింటికి వచ్చింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పెదవికి మూడు కుట్లు. భర్త గోపికి సొంత లారీ ఉంది; అదే యార్డులో వంతు పెట్టుకుంటాడు. జగన్నాధానికి తెలిసిన మందు ఒకటే. ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టారు.

పనసకాయకు యమున నవ్వింది. కుట్లు లాగితే చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. పేడకూ నవ్వింది. తర్వాత ఠప్పుమంది, పిండి లేచింది. ఆయన అలవాటుగా నవ్వారు. కూతురు నవ్వలేదు.

"అలాగ మోత రాదు నాన్నా," అంది. "తడిగుడ్డ జారిపడినట్టు వస్తాది. ఆ తరవాత ఎవులూ తుమ్మరు. లెగిసి వంట సెయ్యాల."

ఆయన టీవీ కట్టేశారు.

"ఆ రోజు మీ అల్లుడు ఫోన్లో ఈ సినిమాయే సూసినాడు. పడిపడి నవ్వినాడు. నవ్వీసి, లెగిసొచ్చి కొట్టినాడు. నన్ను మల్లీ అక్కడికి పంపీకు."

"పంపను," అన్నారు. పందొమ్మిదేళ్ల సిద్ధాంతానికి అంతకు మించిన అంత్యక్రియలు జరగలేదు.

నాలుగో రోజు ఉదయం గోపి యార్డుకు వచ్చాడు. ఆ రోజు మొదటి వంతు అతనిదే.

"మావా, నా బండి రాసీ. దార్లో నీ కూతుర్ని ఎక్కించుకుని పోతాను. బేగి తయారవమను."

జగన్నాధం పుస్తకం తెరిచి, అతని బండి నంబరు కొట్టేసి, అట్టడుగున రాశారు.

"ఏటిది?"

"సెయ్యెత్తినోడి బండి చివరికి."

"నాను ఎవుల్ని కొట్టినాను ఈ యార్డులో?"

"యార్డులోనే కొట్టాలని చట్టంలో లేదు. పిల్ల రాదు."

"పెళ్లాన్ని కొడితే వంతు పోతాదా! ఓరి ముసిలోడా!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గోపి కూడా నవ్వాడు. నవ్వుతూనే జాకీ రాడ్డు తీశాడు.

"బాబూ, బేగి సినిమా ఎట్టీ!" అని కూర్మయ్య అరిచాడు.

జగన్నాధం చెయ్యి జేబు దాకా వెళ్లి, ఖాళీగా తిరిగొచ్చి, వంతు పుస్తకం మీద ఆనింది.

"ఎట్టను."

రాడ్డు ఆ చెయ్యి మీదే పడింది. మోత యమున చెప్పినట్టే వచ్చింది, తడిగుడ్డ జారిపడినట్టు. రెండో దెబ్బకు ముంజేతి ఎముక విరిగి, చర్మం కింద వంకరగా లేచింది. పుస్తకం మీద రక్తం కారింది. ఎవరూ నవ్వలేదు. కూర్మయ్య వీల్ స్పానర్‌తో గోపి మోకాలి మీద కొట్టాడు. పడ్డవాడి మీద నలుగురు హమాలీలు పడ్డారు. మూడు పళ్లు నేలరాలాయి. యార్డు కుక్క ఈసారి దగ్గరకు రాలేదు.

కబురు తెలిసి యమున పరుగెత్తుకొచ్చేసరికి గోపిని పోలీసు జీపు ఎక్కిస్తున్నారు. జగన్నాధం బల్లమీద పడుకుని, ఆటో కోసం చూస్తూ, నొప్పి మధ్యలోనే విధి నిర్వహిస్తున్నారు.

"కూర్మయ్యా, నీ బండి కూడా చివరికే."

"నీ కోసవే కదా బాబూ కొట్టినాను!"

"సెయ్యెత్తినావా, లేదా?"

"సర్లే, రాసీ."

రాసే చెయ్యి విరిగింది. యమున పుస్తకం తీసుకుని, కొంగుతో రక్తం తుడిచి, అట్టడుగున ఉన్న భర్త నంబరు కింద కూర్మయ్య నంబరు రాసింది. ఒక్క క్షణం ఆలోచించింది. భర్త నంబరు కొట్టేసి, దాన్నే మళ్లీ కూర్మయ్య నంబరు కింద రాసింది.

"ఇదేటమ్మా?" అన్నాడు కూర్మయ్య.

"మల్లీ కొట్టినాడు గదా," అంది యమున.