ఐసునీళ్ల మలుపు

మా ఇంట్లో మగవాళ్లందరూ సముద్రం మీద బతికినవాళ్లే. నాకు మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. ఎన్ని చీవాట్లు తిన్నా ఆ తిప్పుడు తగ్గక, చివరికి లారీ ఎక్కాను. తొంభైల చివరి ఏళ్లలో ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తోలేవాణ్ణి.

ఐసు కరిగిన నీళ్లు అడుగున నిలిస్తే కింది వరస చేపలు మెత్తబడిపోతాయి. అందుకని లారీ పెట్టెకి వెనక అడుగున ఒక కన్నం, దానికి గుడ్డ చుట్టిన చెక్క బిరడా ఉండేవి. హార్బర్ లోపల కాలవ దగ్గర ఆపి బిరడా తీస్తే, నీళ్లు పోవడానికి పావుగంట పట్టేది. అలా ఆగకుండా హార్బర్ గేటు దాటాక బిరడా పీకేసి రోడ్డు ఎత్తు ఎక్కితే నీళ్లు వాటంతటవే వెనక్కి పారి రోడ్డు మీద పోయేవి. మేమందరం అదే చేసేవాళ్లం. పైగా దాన్ని తెలివి అనుకునేవాళ్లం. ఆ నీళ్లలో చేపల జిగురుంటుంది, పొలుసుంటుంది. తారు మీద పడితే నడిచే మనిషికే కాలు నిలవదు.

ఒకరోజు పొద్దున్నే అలాగే నీళ్లు వదులుతూ ఎత్తు మీద మలుపు తిరిగి అద్దంలో చూశాను. నా వెనక స్కూటరు మీద వస్తున్న ఒకాయన జర్రున జారి పడిపోయారు. స్కూటరు ఆయన కాలు మీద పడింది. నేను లారీ ఆపలేదు. వెనక వచ్చేవాళ్లు ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

లోడు దింపి మూడో రోజు తిరిగొచ్చాక వాకబు చేశాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. మా పేటకి రెండు వీధుల అవతల అద్దెకుంటున్నారు. మోకాలు చితికిపోయింది. రెండు వంజరం చేపలు పట్టుకుని చూడ్డానికి వెళ్లాను. హార్బర్ డ్రైవర్నని, సంగతి తెలిసి వచ్చానని చెప్పాను. ఆ నీళ్లు నావేనని మాత్రం చెప్పలేదు.

ఆయనకి నేనంటే గురి కుదిరింది. వారం వారం వెళ్లేవాణ్ణి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. "ఆ లారీవాడు ఎవడో గానండి, వెనక మనుషులొస్తారని తెలీదంటారా?" అని అడిగేవారు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

ఆ మలుపులో ఇంకో మనిషి పడకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. రోజూ కాలవ దగ్గర నీళ్లు వదిలాకే గేటు దాటడం మొదలుపెట్టాను. తోటి డ్రైవర్లందరికీ అదే చెప్పాను. "ఏటి బావా, రోడ్డుకి నువ్వు కాపలావేటి?" అని నవ్వేవాళ్లు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకడి బిరడాని సుత్తితో ఊడిరాకుండా దిగ్గొట్టేశాను. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది ఆఫీసర్లొచ్చి రోడ్డు భద్రత బ్యానరు కట్టి నిద్ర గురించి, తాగుడు గురించి, స్పీడు గురించి చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. అటునుంచటే వెళ్లి మావాళ్లు అదే ఎత్తు మీద అవే నీళ్లు వదిలారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

అప్పటికి ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నా తిప్పలు విని, "నేనొచ్చి చెబుతానండి. దెబ్బ తిన్నవాడి మాట వింటారు" అన్నారు. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు. మర్నాడు లోడింగుకి ముందు హార్బర్ టీ కొట్టుకి తీసుకెళ్లాను.

ఆయన ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించారు. మావాళ్లు టీ గ్లాసులు కింద పెట్టేశారు. వాళ్లలో పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు.

"పాపమే బాబూ. కానీ ఇన్ని లారీలు ఎల్తన్నాయి. ఎవుడి నీళ్లకి పడిపోనారో ఎవుడికి తెలుస్తాది?"

అందరూ తలలూపారు. వాళ్ల మొహాలు ఎంత తేలికపడ్డాయో చూశాను. ఆ మాట చాటునే అందరం దాక్కుంటున్నాం, అందరికంటే ముందు నేను. ఇప్పుడు ఊరుకుంటే ఇంక ఎవరూ మారరని తెలిసిపోయింది. చెబితే ఆయన నాకు దక్కరనీ తెలుసు.

"నాకు తెలుసు" అన్నాను. "నా నీళ్లకే పడిపోనారు. అద్దంలో సూసినాను. లారీ ఆపలేదు."

ఆయన నా వైపు తిరిగారు.

"చూశారాండీ మీరు?"

"సూసినానండి."

ఆయన మెల్లగా ప్యాంటు దించుకున్నారు. కర్ర అందుకుని లేచారు. సాయం పట్టబోతే చెయ్యి విదిలించుకున్నారు. నాలుగడుగులు వేసి ఆగారు.

"వీళ్లచేత మాన్పించండి. నా దగ్గరికి మాత్రం ఇంక రాకండి."

వెనకాలే పరుగెత్తి కాళ్లు పట్టుకోవాలనిపించింది. కానీ డ్రైవర్లు నన్నే చూస్తున్నారు. ఆ క్షణాన నేను వెళ్లిపోతే చెప్పినదంతా గంగలో కలిసినట్టే.

"ఇన్నారు కదా" అన్నాను. "ఇయ్యాల కాలవ కాడ నా లారీ ఎనకాల ఎవులు నిలబడతారు?"

ఆ పెద్దవాడే లేచి, "నాను నిలబడతాను బావా" అన్నాడు.

ఆ పొద్దున రెండు లారీలు కాలవ దగ్గర ఆగాయి. మిగతావాళ్లు దారికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. లోడు లేని రోజుల్లో కూడా పొద్దున్నే వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడేవాణ్ణి. తిట్లు తిన్నాను, ఒకసారి చొక్కా కూడా చింపించుకున్నాను. మొత్తానికి మాన్పించాను. తరవాత ఆయన వెనక చక్రానికి అటూ ఇటూ మరో రెండు చక్రాలు బిగించిన స్కూటరు కొనుక్కుని మళ్లీ అదే దారిలో డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టారు. ఆయన రిటైరయ్యేదాకా, ఆ స్కూటరు వస్తోందంటే చాలు, నేను లారీ చాటుకి తప్పుకునేవాణ్ణి.