వోబ్రెల్ వాళ్ళ ఇంటిపేరు

మా అన్నయ్య ఫిలిప్ కట్టుకున్న కొత్తింట్లోకి నేను అడుగు పెట్టగానే వార్నిష్ వాసన గుప్పుమని కొట్టింది. మేం దేశం దాటి వచ్చి స్థిరపడ్డ క్లైడ్ నార్త్ అనే శివారులో మా వీధికి రెండు వీధుల అవతల, పాతిన మొక్కలింకా మోకాలెత్తు కూడా ఎదగని కాలనీలో ఉంటుంది ఆ ఇల్లు. హాల్లో టీవీ పైన, మేరీమాత పటాన్ని ఒక మూలకి జరిపి, మూరెడు ఎత్తు చెక్క ఫ్రేమొకటి తగిలించాడు. షాపింగ్ సెంటర్లో బండి పెట్టుకుని, ఎవరు ఏ ఇంటిపేరు చెబితే దానికి పది నిమిషాల్లో చరిత్ర అచ్చువేసి ఇచ్చేవాడి దగ్గర చేయించాడట. టీలో ముంచి తీసినట్టున్న కాగితం, దాని మీద ఒక డాలు, డాలుకి అటొకటి ఇటొకటి నాలుకలు చాచిన సింహాలు, కింద మెలికలు తిరిగిన అక్షరాల్లో మా ఇంటిపేరు, వోబ్రెల్. ఫ్రాన్సులో నార్మండీ ప్రభువుల వంశమట, యుద్ధాల్లో రాజుగారి పక్కన నిలిచినవాళ్ళట. నేను వెళ్ళి కిటికీ తెరిచాను. అందులో వార్నిష్ వాటా కొంతే, మిగతాదంతా ఆ సింహాలదే.

ఫ్రేము పక్కన ప్రపంచపటం, దాని నిండా ఎర్ర గుండుసూదులు పెట్టాలని ఆశ. ఇంత అరుదైన ఇంటిపేరు లోకంలో ఎక్కడెక్కడ ఉందో ఏళ్ళ తరబడి ఇంటర్నెట్టంతా గాలించి గుచ్చిన సూదులు మాత్రం ఐదే: యానాంలో ఒకటి, పుదుచ్చేరిలో ఒకటి, రియూనియన్ దీవిలో ఒకటి, ఇక్కడ మా రెండిళ్ళకీ కలిపి ఒకటి, క్వీన్స్‌లాండ్‌లో టూవూంబా అనే ఊళ్ళో ఒక డాక్టరు గారింటికి ఒకటి. ఫ్రాన్సు మీద ఒక్క సూదీ లేదు. అదేమని అడిగితే, విప్లవంలో మనవాళ్ళందరి తలలూ తీసేసి ఉంటారన్నాడు, చాలా బాధగా.

మేం పుట్టి పెరిగింది కాకినాడకి దిగువన, గోదావరి సముద్రంలో కలవబోయే చోట ఉన్న యానాంలో. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ రాజ్యం నడిచిన రోజుల్లో ఆ కాస్త ఊరూ ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. మా చిన్నప్పటికి వాళ్ళు వెళ్ళిపోయి పాతికేళ్ళు దాటినా మా ఇంట్లోంచి మాత్రం వెళ్ళలేదు. మా తాతయ్య మే నెల ఎండల్లో కూడా కోటు వేసుకునే భోజనానికి కూర్చునేవాడు. పప్పన్నం ఫోర్కుతో తినేవాడు, మీసాల్లోకి కారిన పులుసుని ఏడాదికోసారైనా ఉతకని గుడ్డతో అద్దుకునేవాడు, ఆ గుడ్డని మళ్ళీ మడత పెట్టి కోటు జేబులో దాచుకునేవాడు. భోజనమయ్యాక చుట్ట వెలిగించి, కాళ్ళ దగ్గరున్న ఇత్తడి పీకదానిలో ఖణేల్‌మని ఉమ్మి, పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి కెప్టెన్ వోబ్రెల్ కథ చెప్పించేవాడు. ఓడ మునిగి ఈదుకుంటూ వచ్చిన ఫ్రెంచి కెప్టెన్, ఆయన్ని కాపాడిన తెలుగు పిల్ల, వాళ్ళ సంతానం మేము. కథలో ఒక్క ముక్క తప్పినా చుట్ట పట్టుకున్న చేత్తోనే నెత్తి మీద మొట్టేవాడు. ఆ బూడిద జుట్టులో పడి, రాత్రి దిండుకి కూడా ఆ కంపే అంటుకునేది.

అయినా ఆ రోజులు తలుచుకుంటే నోరూరడం మానదు. ఏటిపోటు వేళకి బురద వాసన, ఎండబెట్టిన రొయ్యల వాసన కలిసి వీధంతా నిండేవి. వానలు మొదలై గోదారి ఎర్రబడితే పులస కోసం రేవులో కొట్లాటలు, ఎండలు ముదిరితే తాటి ముంజెలు, వాటి నీళ్ళు కారి గౌను ముందుభాగమంతా పెంకులు కట్టడం. క్రిస్మస్‌కి పది రోజుల ముందునుంచే వెదురు బద్దలు చీల్చి రంగు కాగితాలంటించి నక్షత్రాలు చేసేవాళ్ళం, అన్నంతో చేసిన ఆ జిగురుని సగం మేమే నాకేసేవాళ్ళం. అరిసెల పాకం వాసనకి వీధి కుక్కలు కూడా గుమ్మంలో బైఠాయించేవి. యానాంలో వోబ్రెల్ ఇళ్ళు మూడు. మాదొకటి, నది దాటించే పంటు నడిపే సరంగు వాళ్ళదొకటి, మగ్గం నేసేవాళ్ళదొకటి. ఊళ్ళోవాళ్ళు మూడిళ్ళవాళ్ళనీ ఓబ్రేలోళ్ళనే పిలిచేవారు. పండగ రోజు మధ్యాహ్నం మూడిళ్ళూ మా పెరట్లో ఆకులు వేసుకుని కలిసి తినేవి, ఆ తర్వాత చింతపిక్కలతో వామనగుంటలు ఆడుకుంటూ మేం పిల్లలం చీకటి పడేదాకా తన్నుకునేవాళ్ళం. ఒకే ఇంటిపేరు కాబట్టి మాలో మగపిల్లలంతా అన్నలు, ఆడపిల్లలంతా చెల్లెళ్ళు, దాంట్లో ఎవరికీ అనుమానం లేదు.

అందరికంటే నాకు ఇష్టమైన మనిషి మా మేనత్త లూసీ. కుట్టుమిషను మీద ఊళ్ళో సగం మంది పిల్లల గౌన్లు కుట్టేది. పనేమీ లేకపోయినా నన్ను వెంటబెట్టుకుని పంటెక్కి అవతలి ఒడ్డున ఉన్న ఎదుర్లంక దాకా వెళ్ళి, దిగకుండానే తిరిగి వచ్చేసేది. పంటు మీద టికెట్లు కోసేవాడు సరంగు గారి పెద్దకొడుకు అంతోని. అత్త వెనక కమ్మీ దగ్గర నిలబడితే అంతోని టికెట్ల కట్ట జేబులో పెట్టుకుని వచ్చి నిలబడేవాడు. వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ నా నోట్లో జీళ్ళు ఉండేవి కాబట్టి నేనేమీ వినలేదు. నాకు తొమ్మిదేళ్ళు, వాళ్ళని చూస్తే సంతోషంగా ఉండేది, అంతే తెలుసు.

ఎవరు చేరవేశారో, తాతయ్య చెవిన పడింది. ఆయన అరవలేదు, కొట్టలేదు. ఆ యేడు క్రిస్మస్ భోజనాలకి అందరూ ఆకుల ముందు కూర్చున్నాక అత్త చేతికి అరిసెల పళ్ళెమిచ్చి, అంతోని ముందు నిలబెట్టి, అన్నయ్యా తిను అని చెప్పి పెట్టమన్నాడు. అత్త అంది. వినపడలేదన్నాడు. మళ్ళీ అంది. వెనక వరసలో ముసలివాళ్ళకి వినపడాలన్నాడు. మూడోసారి అత్త గొంతు చీరుకుపోయింది. అంతోని అరిసె నోట్లో పెట్టుకుని నమలకుండా అలాగే కూర్చున్నాడు, బుగ్గ ఉబ్బి. ఆ బుగ్గ చూసి మేం పిల్లలం పడీ పడీ నవ్వాం. తాతయ్య మీసాలు అద్దుకుని ఇంకో వడ వేయించుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎక్కడ అరిసెల వాసన తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ నవ్వే, ఆ వెంటనే నోట్లో చేదు.

అసలు సంగతి నాకు పదకొండో ఏట తెలిసింది. స్కూల్లో వక్తృత్వ పోటీకి కెప్టెన్ కథ ఇంకాస్త పెద్దదిగా కావాలని, వానపడుతున్న ఒక మధ్యాహ్నం పెరటి అరుగు మీద పీతలు శుభ్రం చేస్తున్న నాయనమ్మని పట్టుకున్నాను. ఆవిడ పీత డొప్ప ఊడబీకుతూ, కెప్టెనూ లేడు కాకరకాయా లేదంది. అప్పట్లో ఫ్రెంచివాళ్ళ చట్టం కిందికి మారాలనుకున్నవాళ్ళు కచేరీకి వెళ్ళి, పాత ఆచారాలు వదులుకుంటున్నామని వేలిముద్ర వేసి, కొత్త ఇంటిపేరు రాయించుకోవాలట. ఒకరోజు భోజనాల వేళకి క్యూలో చివర ముగ్గురు మిగిలారు. దొరగారింట్లో వంటచేసే మా ముత్తాత, పడవ నడిపే ఒకాయన, నేత నేసే ఒకాయన. ఒకరికొకరు చుట్టాలు కారు, ఒకరింట ఒకరు మంచినీళ్ళు కూడా తాగేవారు కారు. గుమస్తాకి ఆకలి. బల్ల కింద ఉన్న బూటు పాలిష్ డబ్బా మీద పేరు చూసి ముగ్గురికీ అదే రాసి పంపేశాడు. మా తాతయ్య అప్పుడు నాలుగేళ్ళవాడు, నాన్న చెయ్యి పట్టుకుని ఆ క్యూలోనే ఉన్నాడు. మా పాత ఇంటిపేరు పంపన, పడవాయనది ఓలేటి. కెప్టెన్‌ని తర్వాత తాతయ్యే పుట్టించాడు, మిగతా రెండిళ్ళవాళ్ళకీ అది బాగానే ఉంది కాబట్టి కాదనలేదు, వాళ్ళ పిల్లలు అదే నిజమనుకుని పెరిగారు.

"మనం వంటోళ్ళం, ఆళ్ళు పడవోళ్ళు. పడవోళ్ళకి పిల్లనివ్వనని పైకనలేక అన్నాచెల్లెళ్ళని చేసేడు మీ తాత" అంది నాయనమ్మ. "ఈ మాట ఎక్కడన్నా అన్నావంటే నన్ను గోదాట్లో కలిపేత్తాడు."

నేను అనలేదు. నాయనమ్మ మీద జాలితో కాదు. ఆ శనివారం పోటీలో కెప్టెన్ కథే చెప్పి, మొదటి బహుమతిగా స్టీలు సబ్బుపెట్టె తెచ్చుకున్నాను. బూటు పాలిష్ డబ్బా పిల్లని ఎవరు చూస్తారు? అంతోని ఆ తర్వాత ఏడాది పైగా పంటు మీద టికెట్లు కోస్తూనే ఉన్నాడు, పెళ్ళి చేసుకోలేదు. అత్త రోజూ సాయంత్రం నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఆవిడ వేళ్ళు నా తలలో ఉండగా ఆ నిజం నా నోట్లోనే ఉంది. తర్వాత అంతోని పుదుచ్చేరి వెళ్ళిపోయాడు. అత్త కాన్వెంటులో కుట్టు నేర్పుతూ ఒంటరిగానే ఉండిపోయి, ఆరేళ్ళ క్రితం పోయింది. అంతోనిని చేసుకుని ఉంటే, పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోనక్కర్లేని ఆడపిల్ల మా ఊరు మొత్తానికి ఆవిడొక్కతే అయ్యేది. సమాధి రాయి మీద ఆవిడ పేరు కంటే వోబ్రెల్ అన్న మాట రెట్టింపు సైజులో, బంగారు రంగులో చెక్కించాడు అన్నయ్య, ఇక్కడినుంచే ఫోన్లో కొలతలు చెప్పి.

ఇక ఈ శనివారం సంగతి. అన్నయ్య కొడుకు కెవిన్ అడిలైడ్‌లో, మాసన్ లేక్స్‌లోని యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి నెలలోనే, తన పార్సిల్ హాస్టల్లో వేరే వోబ్రెల్ గదికి చేరిందని తెలిసి తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఆ వోబ్రెల్ పేరు నటాలీ, టూవూంబా డాక్టరు గారమ్మాయి. డాక్టరు గారు మరెవరో కాదు, అంతోని తమ్ముడి కొడుకు. అన్నయ్య మ్యాపులో టూవూంబా సూది పడింది అలాగే. చదువులయ్యాయి, ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నారు. అన్నయ్యకి చెమటలు పట్టాయి, డాక్టరు గారికీ పట్టాయి. అందరినీ అన్నయ్య పెరట్లో బార్బెక్యూకి పిలిచి, వోబ్రెల్ వాళ్ళం ఒకే రక్తం కాబట్టి పిల్లలు అన్నాచెల్లెళ్ళుగా ఉండాలని రెండిళ్ళూ కలిసి చెప్పేద్దామని ఏర్పాటు. ఇద్దరి మనసులూ అప్పటికే విరిగిపోయి ఉన్నాయి. ఇంత మంది తప్పంటుంటే నిజంగా తప్పేమోనని నటాలీ టూవూంబాలో ఉద్యోగం చూసుకుంది, సోమవారం చేరాలి.

సాసేజిలు మాడుతున్న పొగలో అన్నయ్య లేచి నిలబడి కెప్టెన్‌తో మొదలుపెట్టాడు. మీసాలు లేవు కానీ గొంతు తాతయ్యదే. నేను ప్లేటు కింద పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. క్యూ, గుమస్తా ఆకలి, పాలిష్ డబ్బా, ముగ్గురి వృత్తులు, అంతోనికి లూసీ అత్త పెట్టిన అరిసె.

"కాగితమేవైనా ఉందా చెల్లీ?" అన్నాడు అన్నయ్య. లేదన్నాను. నాయనమ్మకి చివర్లో మతి సరిగా లేదన్నాడు. మాకు పంపన, వాళ్ళకి ఓలేటి అని ఆవిడ చెప్పినప్పుడు మతి సరిగానే ఉందన్నాను. ఓలేటి అనగానే డాక్టరు గారు తలెత్తారు. వాళ్ళ తాతగారి పాత పడవ పలక మీద ఆ పేరే చెక్కి ఉండేదట, ఆ పడవ ఇంకెవరి దగ్గరో కొన్నదనుకున్నారట ఇన్నాళ్ళూ. తర్వాత కూతురి వైపు తిరిగి, సోమవారం వెళ్ళక్కర్లేదని మెల్లగా అన్నారు. అన్నయ్య మాత్రం నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ క్యూలో నిలబడ్డవాళ్ళు లేరు. పంటు లేదు, వంతెన వచ్చింది. మగ్గం వాళ్ళ ఇంటి స్థానంలో బ్రాందీ షాపు, సరంగు వాళ్ళింటి స్థానంలో సెల్‌ఫోన్ టవరు, మా ఇంటికి తాళం. నాయనమ్మ మాట విన్నదాన్ని లోకం మొత్తంలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ సంగతి ఆలోచిస్తూ కూర్చుంటే కెవిన్ వచ్చి ముందు నిలబడ్డాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, నోటంట మాత్రం రాదు.

"డిడ్ లూసీ గ్రాండ్‌మా నో, అత్తా?"

ఆవిడకి తెలియదురా అన్నాను. అక్కడితో ఆపేయవచ్చు, వాడు అంతకంటే అడగలేదు. "నాకు తెలుసు. నాకు పదకొండేళ్ళప్పటి నుంచీ తెలుసు. అంతోని అప్పటికింకా ఊళ్ళోనే ఉన్నాడు."

కెవిన్ మురిగిపోయినదేదో తగిలినప్పుడు మనిషి తిప్పుకున్నట్టు ముఖం తిప్పుకుని కుర్చీలు సర్దడానికి వెళ్ళిపోయాడు. వాడి తప్పేమీ లేదు, తాతయ్యని చూస్తే నాకెలా ఉండేదో అలాగే ఉండి ఉంటుంది వాడికి. నటాలీకి మా మాటలు వినపడలేదు. వెళ్ళేముందు పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుని, థాంక్యూ ఆంటీ, మీరు చెప్పకపోతే ఏమయ్యేవాళ్ళమో అంది.