ఊక సంచిలో మా చెల్లి

మా ఇంట్లో అందరికీ జాలి ఉండేది. అంత పనికిమాలిన సరుకు మా కొట్లో కూడా దొరికేది కాదు. మూడేళ్ళు నిండినా కూర్చోలేని మా చెల్లిని చూసి, వచ్చినవాళ్ళంతా నాలుక చప్పరించేవారు, "పాపం" అనేవారు, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు. అది మాత్రం పడుకోబెట్టిన చోటే వెల్లకిలా పడి ఇంటి దూలాలు చూస్తూ ఉండేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నాకు పదేళ్ళు. సముద్రానికి రెండు కోసుల దూరంలో ఉన్న ఊళ్ళో మాకు ముందు కొట్టు, వెనక ఇల్లు. చెల్లి కాళ్ళు బిగుసుకుని ఉండేవి. వెల్లకిలా పడుకున్నప్పుడు చేతులు రెండూ చెరో పక్కకీ పోయేవి, దగ్గరికి రమ్మన్నా వచ్చేవి కావు. బొమ్మ చేతిలో పెడితే జారి పడిపోయేది. అది చూసి మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, దీనికి ఆటలు తెలియవని తేల్చేసింది. మా ఇంట్లో ఏదైనా తేల్చేది ఆవిడే. ఆట తెలియని పిల్లకి బొమ్మలెందుకని చెల్లి లక్కపిడతలు కూడా నాకిచ్చేసింది. నేను పుచ్చుకున్నాను.

భావనపాడు నుంచి ఎండుచేపల గంపతో సంతకి వచ్చే ఒక పల్లెకారు ఆవిడ తిరిగి వెళ్ళేటప్పుడు మా కొట్లో మిరపకాయలూ చింతపండూ కొనేది. మేము చేప ముట్టని వాళ్ళం. అందుకని ఆవిడ గంప వీధిలో దించి, సందువైపు గుమ్మానికి బయట నిలబడాలి. ఆ గుమ్మంలోంచే ఒకరోజు ఆవిడకి చెల్లి కనబడింది.

"ఏటమ్మా, పిల్లని అలగ ఎల్లకిలా పడీసినారు? పొద్దల్లా సూరు తప్ప దానికేటి కనబడతాది?" అంది మా అమ్మతో. "మా కాడ వలలు కుట్టుకునీటప్పుడు ఇసకలో గొయ్యి తీసి, పిల్లల్ని నడుందాకా కూకోబెట్టీసి సుట్టూ ఇసక సర్దీస్తాం. పడిపోరు. సేతులు ఖాళీగా ఉంటాయి, ఆడుకుంటారు. మా ఆడపడుసు కొడుక్కీ కాళ్ళు ఇలగే ఉన్నాయి. ఆడూ అలగే కూకుంటాడు."

లోపలి నుంచి మామ్మ అందుకుంది. "మన పిల్లని మన్నులో పాతీమంటాదేటి ఇది? సేపలమ్ముకునీవోళ్ళు బుద్ధులు సెప్తే మనం ఇనాలేటి?"

ఆవిడ వెళ్ళగానే గుమ్మం బయట పేడనీళ్ళు చల్లించింది. మూడేళ్ళలో ఆ పిల్ల గురించి పనికొచ్చే మాట ఒక్కటంటే ఒక్కటి మా ఇంటికి వస్తే, దాన్ని పేడనీళ్ళతో కడిగేసిన ఘనత మాది.

మా అమ్మ మామ్మకి ఎప్పుడూ ఎదురు చెప్పేది కాదు. అందుకు ఆ రోజుల్లో నాకు అమ్మంటే కూడా చిన్నచూపే. కానీ మర్నాడు మామ్మ కునుకు తీస్తున్నప్పుడు అమ్మ కొట్లోంచి ఒక గోనెసంచి తెచ్చి, సగానికి పైగా వరి ఊక పోసింది. సంచి అంచులు కిందికి మడిచి, మధ్యలో చేత్తో గుంట చేసింది. నన్ను పట్టుకోమని, చెల్లిని ఆ గుంటలో కూర్చోబెట్టింది. ముందు అది వెనక్కి విరుచుకుపోయింది. అమ్మ దాన్ని తీసి, మోకాళ్ళ కింద పాత చీర చుట్ట పెట్టి, కాళ్ళు వంగేలా చేసి మళ్ళీ కూర్చోబెట్టింది. వీపు వెనకా రెండు పక్కలా ఊక నొక్కింది. ముందు పొడుగుపాటి పీట ఒకటి ఇటుకల మీద అడ్డంగా పెట్టి, చెల్లి మోచేతులు దాని మీదికి తెచ్చింది.

అంతే, చెల్లి చేతులు రెండూ కళ్ళ ముందుకొచ్చాయి. అది వాటిని చాలాసేపు చూసుకుంది. తన చేతులు తనకి కనబడడం అదే మొదటిసారి అయి ఉంటుంది. అమ్మ పీట మీద ఇత్తడి గిద్ద, నూనె కొలిచేది, నిలబెట్టింది. చెల్లి చెయ్యి ఊగి ఊగి వెళ్ళి దాన్ని తోసేసింది. గిద్ద ఖంగుమని కింద పడింది. చెల్లి నవ్వింది. నేను తీసి నిలబెట్టాను. మళ్ళీ తోసింది. ఆట తెలియని పిల్ల ఆ మధ్యాహ్నం నాచేత ఎన్నిసార్లు గిద్ద నిలబెట్టించిందో లెక్కలేదు.

నాన్న చూశాడు. నెల్లిమర్ల మిల్లు గోనెసంచులు దొరకని రోజుల్లో ఇదేం దుబారా అని గొణిగాడు, అదీ మామ్మకి వినబడేలా. అడ్డుచెప్పే ధైర్యమూ లేదు, మెచ్చుకునే మనసూ లేదు. మా నాన్న సంగతి ఇంకేం రాయను.

మన్నులో పాతలేదు కదా అని మామ్మ సణుగుతూనే ఊరుకుంది. నెల తిరిగేసరికి చెల్లి సంచిలో పూటంతా కూర్చునేది. మెడ నిలబడింది. అప్పుడు మామ్మకి గుర్తొచ్చింది, తాను శ్రీకూర్మం స్వామికి మొక్కుకున్నానని. పిల్లని కూర్చోబెట్టింది స్వామేనని ఊరంతా చెప్పింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మొక్కు ఫలించిందని విజయనగరం మేనత్తనీ చుట్టాలనీ భోజనాలకి పిలిచింది. పిల్లని పంక్తిలో పీట మీద కూర్చోబెట్టి అందరికీ చూపించాలట.

"సంచి లేకపోతే కూకోలేదత్తా," అంది అమ్మ.

"స్వామి కూకోబెట్టిన పిల్లకి గోనెసంచి ఆసరా ఏటి? అది పెట్టినామంటే స్వామిని నమ్మనట్టే. ఆ సంచి సుట్టాల కంట పడకూడదు," అంది మామ్మ.

ఇది మా వాళ్ళ తెలివి. కూర్చోబెట్టిన వస్తువు ఇంట్లో ఉంటే కూర్చున్నందుకు విలువ లేదట.

భోజనాల రోజు సంచిని పెరట్లో కట్టెల వెనక పడేశారు. చెల్లికి పట్టు పరికిణీ కట్టి, పంక్తి చివర పీట మీద కూర్చోబెట్టి, నన్ను పక్క విస్తరి ముందు కూర్చుని పట్టుకుని ఉండమన్నారు. అమ్మని వంటింట్లోంచి రానివ్వలేదు. అడ్డాకుల విస్తళ్ళలో పప్పు పడింది. "ఇంక వదిలీవే, అత్త సూస్తాది," అంది మామ్మ. నా చేతుల్లో చెల్లి వీపు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. నాకూ కొత్త పరికిణీ ఉంది, అందరూ మా వైపే చూస్తున్నారు. వదిలేశాను.

చెల్లి పక్కకి ఒరిగి పోయింది. నుదురు నీళ్ళ చెంబు అంచుకి తగిలి చీలింది. మేనత్త "అయ్యో పాపం" అంది. తక్కిన వాళ్ళూ అన్నారు. తరవాత చారు వడ్డించమన్నారు.

"ఆ సేపల మడిసి మాట ఇంట్లోకి వచ్చింది, అందుకే మొక్కు ఫలించలేదు. ఆ సంచి కాల్చీండి," అంది మామ్మ.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చెల్లి నుదుటికి పసుపు అద్ది గుడ్డ కట్టి, దాన్ని చంకనేసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఒక చేత్తో సంచి ఈడ్చుకుంటూ తిరిగి వచ్చింది. పక్కనుంచి తీసుకురావచ్చు, కానీ పంక్తి మధ్యలోంచే ఈడ్చింది. పదిమంది చేతులు పడిన కొట్టు సంచి, వడ్డించిన విస్తళ్ళ మధ్యనుంచి, ఊక రాల్చుకుంటూ వచ్చింది. మైలపడ్డాయని ఇద్దరు విస్తళ్ళు వదిలి లేచిపోయారు. అమ్మ ఎవరినీ చూడలేదు. చెల్లిని గుంటలో కూర్చోబెట్టి, ఊక నొక్కి, పీట అడ్డం పెట్టి, గిద్ద నిలబెట్టింది.

"ఇది కూకోడానికి ఈ సంచి కావాల," అంది. "సూసీవోళ్ళు ఇలగే సూడండి."

చెల్లి ఇంకా వెక్కుతూనే ఉంది. అయినా చెయ్యి ఊగి ఊగి వెళ్ళి గిద్దని తోసింది. అది దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. చెల్లి నా వైపు చూసింది. దాన్ని నిలబెట్టేది ఎప్పుడూ నేనే.

మేనత్త నన్నే చూస్తోంది. మామ్మ నన్నే చూస్తోంది. నేను తల వంచుకుని నా విస్తరిలో పప్పు కలుపుకున్నాను. గిద్ద మా అమ్మ వచ్చి తీసుకుంది.