మా నాయిన విన్న డాక్టరమ్మ

నీటికాసుల వల్ల మా నాయినకు రెండు కళ్లూ పోయాక, మరైగూడ దగ్గరి మా పల్లె నుంచి ఆయన్ను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటికే అమ్మ పోయి చాలా కాలమైంది. నేను బైలదిల్లా కొండల కింద ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఉండేవాణ్ణి. ఖనిజాన్ని జల్లించే ప్లాంటులో ఆపరేటరుగా పని. నా భార్య కాలనీలోని చిన్నపిల్లల బడిలో టీచరు. పొద్దున పోతే మళ్లీ సాయంత్రానికే రావడం. నాకు నైట్ షిఫ్టు పడిన వారాల్లో మధ్యాహ్నాలు ఇంట్లో నేనూ నాయినా ఇద్దరమే.

మాకు మాట్లాడుకునే అలవాటు లేదు. ఆయనకు తెలిసింది వరి, ఇప్పపువ్వు, చింతపండు. నాకు తెలిసింది ఖనిజం మోసే బెల్టులు, ఎర్రదుమ్ము. "వాన పడతదా?" అని ఆయన అడిగేవాడు. "పడేటట్టే ఉంది" అని నేను చెప్పేవాణ్ణి. ఆ తర్వాత కొండ మీద పేలుడు పెట్టే ముందు మోగే సైరన్ వినిపించే దాకా ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్లం. ఆ ఊరికే కూర్చోవడం నావల్ల కాక టీవీ పెట్టాను.

ఆ వేళకు ఒక తెలుగు చానెల్లో ఆసుపత్రి సీరియల్ వచ్చేది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేనంత పాతది. అందులో ఎమర్జెన్సీ వార్డు నడిపే ఒక డాక్టరమ్మ, ఆమెకు అడుగడుగునా అడ్డుపడే పెద్ద డాక్టరు, రోజుకో కొత్త రోగం. నాయిన మొదటి రోజే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏం జరుగుతుందో జెప్పరా" అన్నాడు.

"ఒకామె వచ్చింది. కూర్చుంది."

"ఎట్ల కూసున్నది? కోపంగనా, అలిసిపోయా?"

అప్పటిదాకా నేను దాన్ని చూడనే లేదు. మళ్లీ చూసి, "అలిసిపోయి. చెప్పులు విప్పి కాళ్లు ముడుచుకుంది" అన్నాను. ఆయన తల ఆడించాడు. అట్లా నాకు చూడటం అలవాటైంది. డాక్టరమ్మది గుండ్రటి మొహమని, జుట్టు భుజాల దాకా కత్తిరించి ఉంటుందని, కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని, నవ్వితే ఒక కన్ను కొంచెం చిన్నదవుతుందని చెప్పాను. ఆయన "ఊఁ" కొడుతూ వినేవాడు. ఆమె గొంతు మాత్రం నేను చెప్పాల్సిన పని లేదు. కొంచెం బొంగురు గొంతు. మాట చివరికొచ్చేసరికి ఒక మెట్టు కిందికి దిగి ఆగేది. సూది వేసే ముందు రోగితో మాట్లాడేటప్పుడు ఆ గొంతు వింటే, సూది తనకే వేస్తున్నట్టు నాయిన చెయ్యి దగ్గరికి లాక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆపరేషన్ గది తలుపులు తెరుచుకుని, డాక్టరమ్మ కోటు వేసుకుని ఇంకెవరో బయటికి వచ్చింది. కోల మొహం, తేనె రంగు కళ్లు, పొడుగు జడ. పుట్టుమచ్చ లేదు. నర్సులందరూ ఆమెను పాత పేరుతోనే పిలుస్తున్నారు.

"అరె, ఈమె ఎవరు?" అన్నాను పైకే.

"ఎవరేంది? డాక్టరమ్మే గదా."

"కాదు నాయినా. మనిషి మారింది. మొహం వేరే."

"అదే గొంతు ఇనబడుతుంటే మనిషెట్ల మారతది? నాకు కండ్లు లేవని ఆటలాడుతున్నవా?"

నిజంగానే కోపమొచ్చింది ఆయనకు. నేను ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి సాక్ష్యానికి పక్క క్వార్టరామెను పిలిచాను. ఆమెది జగదల్‌పూర్ వైపు. మా గని ఆసుపత్రిలో నర్సు. మేం దీదీ అనేవాళ్లం. దీదీ వచ్చి టీవీ వైపు ఒక్క చూపు చూసి నవ్వింది.

"అరే కాకా, వో తో కబ్ కీ బదల్ గయీ!" అంది. ఆమె ఎప్పుడో మారిపోయింది అని. దీదీ అదే సీరియల్‌ను రాత్రి హిందీలో చూస్తుంది. అక్కడ కథ మాకంటే నెలల ముందుంటుంది. మొదటి నటి ఎందుకు మానేసిందని అడిగితే, పెళ్లి చేసుకుందని కొందరు, జీతం దగ్గర తగాదా అని కొందరు అంటున్నారని చెప్పింది.

నాయినకు సంతల్లో మాట్లాడే హిందీ బాగానే వచ్చు. "ఔర్ ఆవాజ్?" అన్నాడు. గొంతు సంగతేంటని.

"ఆవాజ్ భీ బదల్ గయీ, కాకా."

నాయిన నా వైపు తిరిగాడు. హిందీలో గొంతు కూడా మారితే, తెలుగులో ఎందుకు మారలేదు? ఇక డబ్బింగ్ సంగతి చెప్పక తప్పలేదు. ఈ సీరియల్ తీసింది బొంబాయిలో, హిందీలో. పెదవులు కదిపేది వాళ్లు. తెలుగు మాటలు హైదరాబాదులో ఎవరో మూసిన గదిలో మైకు ముందు చెప్తారు. బొంబాయిలో మనిషి మారినా హైదరాబాదులో మనిషి మారలేదు. ఇదంతా విని ఆయన టీవీ చప్పుడు వైపు వేలు చూపించాడు.

"అంటే నేనింటున్నామె ఆ డబ్బల లేదు."

"లేదు."

"మరి యాడుంది?"

"హైదరాబాదులో ఉండి ఉంటుంది."

"డాక్టరు బట్టలు ఏసుకోదా?"

"వేసుకోదు. ఇంట్లో కట్టుకున్న చీరతోనే వచ్చి చెప్పిపోతుందేమో."

"కూసుని జెప్తదా, నిలబడి జెప్తదా?"

నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆ ప్రశ్నలు ఆగలేదు. స్నానం చేయిస్తుంటే అడిగేవాడు, అన్నం కలుపుతుంటే అడిగేవాడు. ఏడ్చే మాటలప్పుడు ఆమె నిజంగా ఏడుస్తుందా? ఆమెకు జలుబు చేస్తే డాక్టరమ్మకూ జలుబు చేసినట్టేనా? ఆమె ఇంట్లో పిల్లల్ని కసురుకునేది కూడా ఈ గొంతుతోనేనా? మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత ప్లాంటులో బెల్టు పక్కన నిలబడి నేను కూడా అదే ఆలోచిస్తున్నానని తెలిసి ఆశ్చర్యపోయాను.

వారం చివరి భాగం అయిపోయాక తెర మీద పేర్లు పరుగెత్తేవి. ఆమె పేరు చదవమని నాయిన పట్టుబట్టాడు. నేను టీవీకి ఆనుకుని కూర్చుని చదివాను. లైట్లు పెట్టినవాళ్లు, జుట్టు దువ్వినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, భోజనాలు పెట్టినవాళ్లు, అందరూ ఉన్నారు. తెలుగు గొంతులవాళ్ల పేర్లు లేవు.

"బట్టలు గుట్టినోని పేరుంది, గొంతిచ్చినామె పేరు లేదా?" అన్నాడు నాయిన. "ఇదేం పద్ధతి రా?"

వానాకాలం వచ్చింది. కొండ మీది మబ్బు క్వార్టర్ల మీదికి దిగితే మా డిష్ గొడుగు పనిచేసేది కాదు. గాలికి పక్కకు తిరిగిపోయింది కూడా. దాన్ని సరిచేసే మనిషి దొరికేసరికి చాలా భాగాలు పోయాయి. టీవీ వచ్చిన రోజు ఇద్దరం ముందే కూర్చున్నాం. కోల మొహం డాక్టరమ్మ వార్డులోకి వచ్చి నోరు తెరిచింది. సన్నటి, తియ్యటి, పడుచు గొంతు.

"ఎవరీమె?" అన్నాడు నాయిన.

"డాక్టరమ్మే."

"గాదు."

"అదే మొహం నాయినా."

"మొహం నీకు. దాన్ని నేనేం జేసుకోను?"

లేచి గోడ పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. మర్నాడు కూడా లోపలికి రాలేదు. పాత మొహం పోయినప్పుడు నేను వారం గొణిగి, తర్వాత కొత్త మొహానికి అలవాటుపడ్డాను. ఆయన కూడా అంతేలే అనుకున్నాను. కానీ ఆయన అలవాటుపడలేదు. నేనొక్కణ్ణే కూర్చుని చూస్తుంటే సీరియల్ చప్పగా ఉండేది. ఎవరికీ చెప్పనక్కర్లేకపోయేసరికి, ఎవరు ఎట్లా కూర్చున్నారో నాకూ కనిపించడం మానేసింది.

"ఆమె ఇంకోచోట మాట్లాడుతుండొచ్చు గదా?" అని ఒకరోజు నేనే అన్నాను. ఆయన మొహం నా వైపు తిరిగింది.

ఆ మధ్యాహ్నం నుంచి వెతుకులాట మొదలుపెట్టాం. నేను రిమోటు పట్టుకుని తెలుగు చానెళ్లు ఒక్కొక్కటే మార్చేవాణ్ణి. ఆయన తల ఒక పక్కకు వంచి వినేవాడు. సబ్బు ప్రకటన. "గాదు." పంటల కార్యక్రమం. "పోనియ్యి." ఒక పురాణం సీరియల్లో అమ్మవారి దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగమన్నాడు. "దగ్గర దగ్గర ఉంది. గానీ ఈమె మాట కిందికి దిగదు" అని తేల్చాడు. దీదీ సెలవున్న రోజు మా గడపలో కూర్చుని చూసి, మేమేం చేస్తున్నామో తెలిశాక పడీపడీ నవ్వింది. తర్వాత తనూ రిమోటు తీసుకుంది. తెలుగు ముక్క రాకపోయినా ఆడగొంతు వినబడితే చాలు, "యే వాలీ, కాకా?" అని అడిగేది, ఈమేనా అని.

దొరికింది పిల్లల చానెల్లో. నేను అప్పటికే దాన్ని దాటేశాను.

"ఆగు! ఎన్కకు పో" అన్నాడు నాయిన.

వెనక్కి వెళ్లాను. బొమ్మల కార్యక్రమం. ఒక ఎలుగుబంటి పిల్ల తేనెపట్టు కావాలని నేల మీద పొర్లి అరుస్తోంది.

"ఈమెనే."

"నాయినా, ఇది ఎలుగుబంటి పిల్ల."

"అయితే ఏంది? ఆమెనే అంటున్న. కండ్లు మూసుకుని ఇను."

కళ్లు మూసుకున్నాను. కాసేపు కీచుగొంతు తప్ప ఏమీ లేదు. అంతలో ఆ పిల్ల అడవిలో దారి తప్పి, భయపడి, అరవడం మానేసి, "ఎవరైనా ఉన్నారా?" అంది. ఆ మాట చివర ఒక మెట్టు దిగి ఆగింది. ఎమర్జెన్సీ వార్డు డాక్టరమ్మ ఆ పొదల్లో నిలబడి పిలుస్తున్నట్టే ఉంది.

నాయిన చేతులతో మోకాళ్లు తడుముకుంటూ నవ్వాడు. "బతికే ఉన్నది రా. పని పోలే. నేనేమో ఆమెకేమన్న అయ్యిందనుకున్న." అన్నాళ్లూ ఆయన్ను తిన్నది ఆ బెంగ అని నాకు అప్పుడే తెలిసింది. ఇక రోజూ ఆ బొమ్మల కార్యక్రమం పెట్టమనేవాడు. ఇప్పపూలకొచ్చే ఎలుగు ఎట్లా అరుస్తుందో ఆయనకు బాగా తెలుసు. "ఎలుగు ఇట్ల అరవదు. ఆమెకు ఎవరన్న జెప్పాలె" అని సరిదిద్దేవాడు కూడా.

ఎండాకాలంలో చింతపండు పని వచ్చిందంటే ఆయన ఊళ్లో ఉండాల్సిందే. అక్కడే ఉండే మా అక్క ఇంట్లో దింపి వచ్చాను. ఆసుపత్రి సీరియల్ ఆ నెలల్లోనే కథ తేలకుండా ఒక సోమవారం ఆగిపోయింది. దాని స్థానంలో ఇంకేదో వేశారు.

ఆయన్ను తీసుకురావడానికి మళ్లీ నేనే వెళ్లాను. కోంట దాకా బస్సు, అక్కడి నుంచి తెలిసినవాళ్ల బండి, చివర కొంత నడక. నేను చేరేసరికి మధ్యాహ్నం. అక్క ఇంటి చూరు కింద ఇరుగుపొరుగు ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు వరసగా కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. మధ్యలో నాయిన. ఆయన చేతులు గింజ తీస్తున్నాయి, నోరు కథ చెబుతోంది. నేను కొంచెం దూరంలోనే ఆగిపోయాను.

చెబుతున్నది ఆసుపత్రి సీరియలే. కానీ అంబులెన్సు లేదు. రోగిని నలుగురు మంచం మీద మోసుకుని వాగు దాటించి తెచ్చారు. పెద్ద డాక్టరు ఇప్పుడు కాదు పొమ్మన్నాడు. డాక్టరమ్మ లోపల్నుంచి వచ్చి మంచం దింపమంది. మా వైపు అడవి పల్లెల దోర్లీ భాష ఒక్కటే వచ్చిన ఒక ముసలమ్మ కోసం మధ్యమధ్య ఆ మాటలూ కలుపుతున్నాడు. డాక్టరమ్మ మాటొచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గి, చివర కిందికి దిగుతోంది.

"ఎట్లుంటది ఆ డాక్టరమ్మ?" అని ఒకావిడ అడిగింది.

నేను పుట్టుమచ్చ కోసం ఎదురుచూశాను.

"నల్లగ, ఎత్తుగ ఉంటది" అన్నాడు నాయిన. "మోచేతుల దాక పచ్చబొట్లు. ముక్కుకు రెండు దిక్కుల పుడకలు. చెప్పులేసుకోదు. బీమారోళ్ల కాడికి ఉరికితే సప్పుడు గాదు."

అంతలో అక్క నన్ను చూసి, "నాయినా, తమ్ముడొచ్చిండు" అంది.

"వచ్చిండా? వీణ్ణడుగుండి. వీడు కండ్లతో సూసిండు."

అందరూ నా వైపు చూశారు. ముక్కుపుడకల సంగతి నాకు సరిగ్గా గుర్తులేదని, గొంతు మాత్రం నాయిన చెప్పినట్టే ఉంటుందని అన్నాను. అది వాళ్లకు సరిపోయింది. మంచం మీది మనిషి బతికాడా లేదా అన్నదే వాళ్లకు కావలసింది.

తిరిగొస్తూ బస్సులో అడిగాను. "అన్నాళ్లు గుండ్రటి మొహమని, కత్తిరించిన జుట్టని చెప్పాను కదా నాయినా."

"జెప్పినవ్. ఇన్న. నిలవలే."

"మరి ఈ పచ్చబొట్లామె ఎవరు?"

"నాకు కండ్లున్నన్నాళ్లు మన దిక్కు డాక్టరమ్మ ఎన్నడన్న వచ్చిందారా? నేను సూసినోళ్ల మొహమే పెట్టుకోవాలె గదా. నిన్నూ అక్కనూ పుట్టిచ్చిన మంత్రసాని ఆమె."

ఆమె మాట మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు. ఏ ఊరామె, ఎవరి మనిషి, ఎట్లా పోయింది అని వరసగా అడిగాను. ఆయన తెలిసినంత చెప్పాడు. వాగు అవతల ఒడ్డున ఉండేదట. వాన కురుస్తుంటే తలమీద మోదుగాకుల గొడుగు పెట్టుకుని వచ్చేదట. నేను కడుపులో అడ్డం తిరిగానని అమ్మను రాత్రంతా కూర్చోనివ్వకుండా నడిపించిందట.

"ఆమె గొంతు ఎట్లుండేది?" అని అడిగాను.

నాయిన కిటికీ వైపు మొహం పెట్టి చాలాసేపు వెతుక్కున్నాడు. బస్సు సుక్మాకు దగ్గరపడుతోంది. కండక్టరు దిగేవాళ్లను హిందీలో కేకేస్తున్నాడు.

"గొంతు గుర్తులేదురా" అన్నాడు. "మొహమే ఉన్నది."