వెనక సీటు పెద్దమ్మ

మా పెద్దమ్మకి బండి నడపడం రాదు. సైకిలు కూడా రాదు. కానీ ఎవరి మోటారుసైకిలుకి గేరు సరిగ్గా పడకపోయినా, దాని వెనక సీటెక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, రోగం ఇదీ అని చెప్పేది. ఆవిడ ఎక్కందే బండి మీద పానా పడటానికి వీల్లేదు. మెకానిక్కు మా పెదనాన్న. షెడ్డు ఆయనది, పనిముట్లు ఆయనవి, గోళ్ళలో మసి కూడా ఆయనదే. తీర్పు మాత్రం ఆవిడది.

ముందు షెడ్డు, వెనక వాళ్ళ ఇల్లు, పక్కన మా ఇల్లు. బండి వచ్చి ఆగితే చాలు, పెద్దమ్మ పొయ్యి ఆపేసి, కొంగు బిగించి వచ్చేసేది.

"ఏం బాబూ, గేరేనా? పద, పోనీ."

"మెకానిక్కు గారితో చెబుతానండీ."

"ఆయనతో చెప్పేదేంటి? నాతో చెప్పు. దారిలో చెప్పు. ముందు పోనీ!"

ఒకసారి కొత్తగా పెళ్ళయిన కుర్రాడొకడు వచ్చాడు. పెద్దమ్మ ఎక్కి భుజం మీద చెయ్యి వేసేసరికి వాడి మొహం కందగడ్డ అయిపోయింది. "ఈ సీటు మా ఆవిడే ఇంకా ఎక్కలేదండీ," అన్నాడు ఏడుపు గొంతుతో.

"బతికిపోయింది పిచ్చితల్లి," అంది తిరిగొచ్చి దిగుతూ. "నీ చెయిను వేలాడుతోంది నాయనా. గేరు మార్చినప్పుడల్లా వెనక్కి లాగి ముందుకి తోస్తోంది. ఆ పిల్లని ఎక్కించుకుంటే నువ్వు ఇంటికి చేరతావు, అది సందు మలుపులో ఉంటుంది."

అసలు తమాషా ఆ తర్వాత. పెద్దమ్మ నేరుగా పెదనాన్న ముందుకి వెళ్ళి, గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, వీధి దద్దరిల్లేలా అరిచేది. "ఏవండీ! ఇటు చూడండి! బండి ఆపినప్పుడు న్యూట్రల్ దొరకట్లేదట! క్లచ్ వైరు వదులైంది! తెలిసిందా?" పెదనాన్న బుద్ధిమంతుడిలా తలూపి పానా అందుకునేవాడు.

ఎదురుగా సెలూను. సెలూనాయనకి ఈ దృశ్యం చూడందే కత్తెర ఆడేది కాదు. "పాపం, నోట్లో నాలుక లేని మనిషి," అనేవాడు. "ఆవిడకేమో షికార్లు, ఈయనకేమో గొడ్డుచాకిరీ!" వెనక సీటు పెద్దమ్మ అన్న పేరు ఆయన పెట్టిందే. కొందరైతే ఏకంగా గయ్యాళి అనేవారు. మా అమ్మ మాత్రం నొచ్చుకునేది. "చిన్నప్పుడు అక్క మాట పక్క గదిలోకి కూడా వినబడేది కాదే. ఈ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో!" ఆ మాట దగ్గర ఎవరైనా ఒక్క క్షణం ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఎవరూ ఆగలేదు.

ఇలా ఉండగా పెద్దమ్మ స్నానాలగదిలో జారిపడింది. నడుము పట్టేసింది, మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఆ రోజే రొట్టెలు అమ్ముకునే అతను బండి తెచ్చాడు. బుట్టల నిండా బరువుతో మెట్ట ఎక్కేటప్పుడు రెండో గేరు దానంతటదే ఊడిపోతోందని పెదనాన్నకి వివరంగా చెప్పాడు. పెదనాన్న తలూపాడు. ఖాళీ బండిని చదును రోడ్డు మీద నడిపి చూశాడు. ఖాళీ బండికేం, బుద్ధిగానే నడిచింది. క్లచ్ వైరు కాస్త బిగించి ఇచ్చేశాడు.

మర్నాడు మెట్ట మధ్యలో రెండో గేరు ఊడింది. బండి వెనక్కి జారి పడింది. రొట్టెలన్నీ రోడ్డు పాలయ్యాయి. దెబ్బలు తగల్లేదు గానీ, అతను షెడ్డు ముందు నిలబడి వేసిన కేకలకి వీధంతా పోగయింది. "మెట్ట మీద అని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! నీకు పని వచ్చా, రాదా?"

పెద్దమ్మ గోడ పట్టుకుని, పళ్ళు బిగించుకుని బయటికి వచ్చింది. "ఆయన్నేం అనకు. ఇంజను విప్పుదామనే అన్నారు. నేనే వద్దన్నాను, వైరు బిగిస్తే చాలన్నాను. తప్పు నాది."

"చూశారా!" అన్నాడు సెలూనాయన అందరి వైపూ తిరిగి. "చివరికి కొంప ముంచింది!"

పెదనాన్న పెద్దమ్మ పెదాల వంకే చూస్తున్నాడు. చేతిలో పానా కింద పెట్టాడు. "అబద్ధం చెబుతోంది," అన్నాడు. "దగ్గరగా అరిస్తే తప్ప నాకు చెవులు వినబడవు. ఇతను నిన్న బండి మీదకి వంగి చెప్పాడు, పెదాలు కనబడలేదు, ఏం చెప్పాడో నాకు తెలీదు. ఊరికే తలూపాను."

"ఊరుకోండి!" అంది పెద్దమ్మ.

"ఇన్నేళ్ళూ ఊరుకునే ఉన్నాను. చెవులు పోయిన కొత్తలో, ఇంజను చప్పుడు వినబడని మెకానిక్కుకి బండి ఎవడిస్తాడని ఏడ్చాను. అప్పట్నుంచి ఇది వెనక సీట్లు ఎక్కుతోంది. మీరు చెప్పింది దారిలో విని, నా మొహంలోకి అరిచి చెప్పేది. నా షెడ్డు నిలబడింది, దీని పేరు పోయింది. మీరు గయ్యాళి అంటుంటే పెదాలు చూసి తెలుసుకున్నాను. తెలిసీ తల వంచుకుని నట్లు బిగించుకున్నాను." అంత సిగ్గుపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సెలూనాయన ఒకడుగు ముందుకి వేశాడు. "ఒక్క మాట మాతో చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే ఊరుకుంటావా? ఆయనకి ఇంకో పేరు పెడతావు."

రొట్టెలతను చాలాసేపు తల గోక్కుని, పెదనాన్న ఎదురుగా నిలబడి నోరు బార్లా తెరిచాడు. "రెం...డో... గే...రూ!"

"అంత సాగదీయకు బాబూ, అర్థం కాదు. మామూలుగా చెప్పు," అన్నాడు పెదనాన్న. ఆ సాయంత్రమే ఇంజను విప్పి, పళ్ళు అరిగిన గేరు చక్రం మార్చాడు.

ఇన్నేళ్ళు భయపడిందంతా ఉత్తదే అయింది. ఒక్క బండీ తగ్గలేదు. వచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పడం నేర్చుకున్నారు. నడుము కుదుటపడ్డాక పెద్దమ్మ కొంగు బిగించి బయటికి వచ్చేసరికి చెప్పడమూ అయిపోయేది, పనీ మొదలైపోయేది. కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ కేకలు లేని వీధి మాకు బావురుమంది. సెలూనాయన కూడా కత్తెర పక్కన పెట్టి అటే చూసేవాడు, తప్పు చేసినవాడిలా.

ఒక సాయంత్రం పెదనాన్న తన సొంత బండి తుడిచి వీధిలోకి దించాడు. "దీని మూడో గేరు మీద నాకు అనుమానంగా ఉంది. ఎక్కి చూడు," అన్నాడు.

"మీ బండా? నేనా?"

"ఊళ్ళో అందరి వెనకా ఎక్కించాను. నా వెనక ఎక్కించుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. ఎక్కు."

పెద్దమ్మ కొంగు బిగించి ఎక్కింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. జుట్టంతా రేగిపోయి, కళ్ళు మెరుస్తూ దిగింది.

"రోగం ఏంటి పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ పెదనాన్న వైపు తిరిగి, ఆయనకి కనబడేలా చెప్పింది. "అంతు చిక్కలేదండీ. రేపు ఇంకాస్త దూరం పోనిస్తే గానీ తెలీదు."