దయ్యాలత్త చివరి అధ్యాయం

మా మేనత్తను వీధి వీధంతా దయ్యాలత్త అంటుంది. ఆవిడ మొహం చూస్తే చీమ కూడా భయపడదు. బట్టలు కుడుతుంది. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, కిటికీ పరదాలకు కుచ్చులు పెడుతుంది. మధ్యమధ్యలో దయ్యాల కొంప మీద నవల రాస్తోంది. అందుకే ఆ పేరు. పెట్టింది నేనే. ఎవరేమనుకుంటే నాకేం?

రాసుకోవడానికి ఒక పుస్తకం కొనుక్కో తల్లీ అంటే వినదు. బట్ట కత్తిరించే ముందు కొలతలు గీసుకునే కాగితాలు ఉంటాయి కదా, పని అయిపోయాక వాటి వెనక్కి తిప్పి రాస్తుంది. మొదటి అధ్యాయం ఎవరిదో కాలరు. రెండోది ప్యాంటు కాలు. మా జిరాక్సు షాపులో కంప్యూటరు ముందు కూర్చుని వాటిని టైపు చేసేది నేను. చంక దగ్గర వాక్యం కూడా వంపు తిరిగితే, దాంతోపాటు నా మెడా తిరగాలి. ఒకసారి మంచి ప్రేమ ఘట్టాన్ని మరిచిపోయి ఎవరిదో కోటు చేతికి కత్తిరించేసింది. నేను లబోదిబోమన్నాను.

“పోనీలేవే, వాళ్ళే మళ్ళీ ప్రేమించుకుంటారు” అంది సూదిలో దారం ఎక్కిస్తూ.

కథలో పెద్ద చిక్కేమీ లేదు. ఒంటరి మనిషి ఒకామె పాత ఇంట్లో అద్దెకు దిగుతుంది. వెనక గదికి తాళం. సాయంత్రమయ్యేసరికి ఆ తలుపు కిర్రుమంటుంది. తాళం వేసిన తలుపు ఎలా కిర్రుమంటుంది? లోపల ఎవరు? అదీ మిస్టరీ. వారాలు గడిచేకొద్దీ ఆమెకు భయం పోయి, ఆ కిర్రు కోసమే పని ముగించుకుని ఆదరాబాదరా ఇంటికొస్తుంది. తలుపుతో కబుర్లు చెబుతుంది. అలిగితే తలుపు కాసేపు ఊరుకుంటుంది కూడా. అదీ ప్రేమ. ఆ దయ్యం ఎవరంటే, ఆ ఇల్లు కట్టినవాడు. తాను మనసుపడ్డ మనిషి కోసం ఆ తలుపు చేశాడు. ఆవిడ దాన్ని చూడటానికైనా రాలేదు, వాడికి దాన్ని వదిలిపోవడం చేతకాలేదు.

ఇంత తలుపు గోల ఎందుకంటే, మామయ్య వడ్రంగి. నవలలోని చప్పుళ్ళన్నీ ఆయన ఇచ్చినవే. వెనకవైపు షెడ్డులో పాత తలుపులు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. అత్త వెళ్ళి “ఏవండీ, బాధగా ఉన్న కిర్రు కావాలి” అంటే, ఆయన ఒక్కొక్కటే ఆడించి వినిపించేవాడు.

“ఇది మడతబందు ఎండిపోయిన కిర్రు. ఇదేమో వానకి చెక్క ఉబ్బిన కిర్రు. నీ దయ్యానికి ఇది సరిపోతుంది, కాస్త గొంతు పట్టేసినట్టుంది చూడు.”

పని కట్టేశాక సాయంత్రం అత్త పీట మీద కూర్చుని కొత్త కాగితం చదివేది. మామయ్య చెక్క సాపుచేసే బల్ల మీద కూర్చుని వినేవాడు. అదే వాళ్ళ సరదా. పెళ్ళైన కొత్తలో ఏవో కబుర్లు చెప్పుకునేవారట, ఆ తర్వాత పనిలో పడి మాటలు తగ్గిపోయాయట. ఈ దయ్యం వచ్చాకే మళ్ళీ ఎదురెదురుగా కూర్చుంటున్నామని అత్తే ఒకసారి చెప్పింది. ఆ నవల అచ్చవుతుందా కాదా అని ఆవిడకు బెంగ లేదు. మామయ్య వింటే చాలు.

ఆ వినడానికే ముప్పొచ్చింది. ఏళ్ళ తరబడి రంపం మిషను పక్కన నిలబడ్డ చెవులు. డాక్టరు చూసి, ఉన్న కాస్త వినికిడి కూడా నిలవదని, చెవి మిషను పెట్టుకున్నా పెద్దగా ప్రయోజనం ఉండదని చెప్పేశాడు. ఇంటికొచ్చాక మామయ్య మామూలుగానే ఉన్నాడు. అత్త మాత్రం గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ నాతో అంది.

“పూర్తిగా పోయేలోగా ముగించెయ్యాలే. ఆఖరి కిర్రు ఆయన చెవిన పడాలి. అది ఆయనిచ్చిన చప్పుడు.”

ఆ ఆఖరి ఘట్టం ఆవిడ మనసులో సిద్ధంగానే ఉంది. తలుపు ఒక్కసారి కిర్రుమంటుంది, దయ్యం సెలవు తీసుకుంటుంది, అంతే. అక్కడికి చేరాలని ఒకటే హడావిడి. కుట్టడానికొచ్చిన బట్టలు కుప్పగా పడి ఉన్నాయి. కథ కూడా గాడి తప్పింది.

“అత్తయ్యా, దయ్యం ఏంటి బస్సు తప్పిపోతున్నట్టు పరిగెడుతోంది?” అన్నాను.

“నోర్మూసుకుని టైపు చెయ్యవే.”

చేశాను. ఆ తొందర ఎందుకో నాకు మాత్రం తెలియదా?

ఒక సాయంత్రం నేనూ వాళ్ళతో షెడ్డులో ఉన్నాను. అత్త కళ్ళజోడు సవరించుకుని, గొంతు తగ్గించి, దయ్యం వచ్చే ముందు వాడే ఆ వణుకు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టింది. “వంటింటి కిటికీకి... రెండు పరదాలు... కుచ్చులు దగ్గరగా...” అంతవరకూ చదివి నాలుక కరుచుకుంది. కాగితం తిరగేసి పట్టుకుంది, అది కొలతల వైపు! నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. అత్త కూడా నవ్వుతూ తలెత్తి ఆయన వంక చూసింది.

మామయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“అయ్యో పాపం, ఎంత కష్టమొచ్చిందే ఆ పిల్లకి” అన్నాడు.

అత్త నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్ళి, ఆ కాగితాన్ని ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన చదివాడు. పట్టుబడ్డ పిల్లాడిలా తల వంచుకున్నాడు.

“ఎప్పట్నుంచి?” అని చేత్తోనే అడిగింది.

“తలుపు అలిగిన అధ్యాయం దగ్గర్నుంచి” అన్నాడు. అది వారాల కిందటి మాట! “నీ మొహం చూస్తూ కూర్చుంటున్నా. దయ్యం వస్తే నీ కనుబొమ్మలు లేస్తాయి. ప్రేమ వస్తే నువ్వు కాగితం చాటున నక్కుతావు. నాకు సరిపోతోంది. వినపడట్లేదంటే చదవడం మానేస్తావని చెప్పలేదు.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం నాకు రాదు. అత్తకు మాత్రం కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ నాటకమాడాడని కోపం, ఆఖరి కిర్రు చేజారిపోయిందని ఇంకా కోపం. కొన్నాళ్ళు కలం ముట్టలేదు. ఎవరిదో ప్యాంటుకు ఒక కాలు పొట్టి చేసి పంపింది. మామయ్య మాత్రం సాయంత్రమయ్యేసరికి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఆవిడ చదవకపోయినా కాసేపు కూర్చుని లేచేవాడు.

ఒక మధ్యాహ్నం నాకు కబురు పెట్టింది. వెళ్ళేసరికి మామయ్య చెయ్యి పట్టుకుని వాళ్ళింటి వెనక గది దగ్గరికి తీసుకెళుతోంది. ఆ గది తలుపు పెళ్ళికి ముందు ఆయన తన చేతుల్తో చేసినదే. ఎప్పుడూ కిర్రుమంటూనే ఉంటుంది. అందరి తలుపులూ బాగుచేసే మనిషికి ఇంట్లోది బాగుచేసే తీరిక ఎప్పుడు దొరికింది గనక?

ఆయన అరచేతిని తలుపు రెక్క మీద ఆనించి, తలుపును మెల్లగా ఆడించింది. ఆయన మొహం వెలిగిపోయింది.

“కిర్రుమంటోంది! చేతికి తెలుస్తోందే!”

అత్త తలూపింది. తర్వాత కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి, పై బందుకూ కింద బందుకూ నూనె వేసి, కారింది కొంగుతో తుడిచింది. మళ్ళీ ఆయన చెయ్యి తలుపుకు ఆనించి ఆడించింది. ఈసారి చప్పుడు లేదు. నాకూ వినపడలేదు, ఆయన చేతికీ ఏమీ తెలియలేదు.

మామయ్య ఆవిడ వంక చూశాడు.

“వెళ్ళిపోయాడా?”

అత్త తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించి లోపలికి లాక్కుపోయింది. మంచం మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. ఆయన కాసేపు తలుపు వంకే చూశాడు.

“ఓహో, ఆవిడే తెరిచిందన్నమాట” అన్నాడు నెమ్మదిగా. “ఇక వాడు పిలవక్కర్లేదు.”

“రాసుకోవే” అంది అత్త నాతో. “ఆఖరి అధ్యాయం ఇదే. దీనికి కాగితం లేదు.”

“బాగుందే!” అన్నాడు మామయ్య వీధి చివరిదాకా వినపడేలా. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకిప్పుడు తెలియదు. “మళ్ళీ మొదట్నుంచి చదువు.”

అత్త వెళ్ళి కాలరు కాగితం వెతికి తెచ్చింది. వెలుతురు తన మొహం మీద పడేలా కుర్చీ జరుపుకుని, గొంతు సవరించుకుని, చదవడం మొదలుపెట్టింది.