మునెమ్మక్క పిడికెడు రాగులు

మా ఇండూరు మునెమ్మక్క ఇక లేదు. పోయిన సోమవారం ఉదయం సొసైటీలో పాలు పోసి వచ్చి, తిన్నె మీద కూర్చొని రాగి అంబలి తాగి, చెంబు పక్కన పెట్టి, అలాగే గోడకు ఆనుకొని కన్నుమూసింది. ఆ వార్త తెచ్చిన మనిషినే నేను కసురుకున్నాను. "ఇంతకు ముందే కదయ్యా, నెత్తిన క్యాను పెట్టుకొని మా వాకిలి ముందర పోయింది!" అన్నాను. డెబ్బై నాలుగేళ్ళ ఆమె దేహదార్ఢ్యాన్ని కళ్ళారా చూసినవారెవరూ నన్ను తప్పుపట్టరు.

దేహదార్ఢ్యం! ఈ మాట వింటే అక్క పకపకా నవ్వేది. నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి, ఆమె పక్కింటివాణ్ణి. తమిళనాట పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడని ఆమెకు తెలుగక్షరం ఒక్కటీ రాదు. "అయివోరూ, మీ మాట ఎత్తేదానికన్నా నా క్యాను ఎత్తేదే సులువు" అనేది.

నాలుగేళ్ళ క్రితం ఆమె కొట్టంలో జారిపడి తుంటి ఎముక విరగగొట్టుకుంది. ధర్మపురిలో శస్త్రచికిత్స చేసి లోపల కడ్డీ వేశారు. మూడు నెలలకు ఎముక అతికింది గానీ కాలి కండ కరిగిపోయింది, చేతికర్ర లేనిదే అడుగు పడదు. కొడుకు గోవిందన్‌కు పాలకోడు చక్కెర మిల్లులో పని. పాలు మోసేవాళ్ళు లేరని, ఆవును అమ్మేద్దామన్నాడు. ఆ ఆవు లచ్చి, తల్లి చచ్చిపోతే అక్క సీసాతో పాలు తాపి పెంచిన జీవం. ఆ మాటకు అక్క ఏడవలేదు, గడువడిగింది.

"ఉగాది దాకా ఊరకుండు రా. ఆ పొద్దు నిండు క్యాను నేనే ఎత్తుకొని సొసైటీకి పోతాను. పోలేకపోయినానో, బేరగాణ్ణి నువ్వే పిల్చుకొని రా. నోరు తెరిస్తే అడుగు."

కొంచెం కొంచెంగా బరువులెత్తాలనీ, ఖాళీ క్యానుతో మొదలుపెట్టాలనీ ఆస్పత్రిలో వ్యాయామం నేర్పే డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట పట్టుకొని అక్క మొదటి రోజే ఖాళీ క్యానుతో వీధిలోకి దిగింది. సరిగ్గా అప్పుడే పై వీధివాళ్ళు పిల్లను చూడడానికి కడత్తూరుకు బయలుదేరారు. శుభమా అని పోతుంటే ఒట్టి పాత్ర ఎదురు! వాళ్ళు ఇంటికి తిరిగిపోయి, కాళ్ళు కడుక్కొని, కాసేపు కూర్చొని, అక్కను తిట్టుకుంటూ మళ్ళీ బయలుదేరారు. అక్క బిత్తరపోయింది. "నా కాలు బాగయ్యేదానికి వాళ్ళ పెండ్లి చెడగొట్టేదా?" అంటూ క్యానులో పిడికెడు రాగులు పోసింది. "ఇప్పుడిది ఒట్టిది కాదు." మూఢవిశ్వాసాల నిర్మూలన గురించి నేను అనర్గళంగా ప్రసంగించాను. ఆమె చెంగు దులుపుకొని, "మీ చదువు మీకు, నా రాగులు నాకు" అని నడక సాగించింది.

ఆనాటి నుంచి వారానికొక పడి చొప్పున క్యానులో రాగులు పెరిగాయి. ఆమె నడుస్తుంటే ఆ చప్పుడుకు వీధిలోని కోళ్ళన్నీ వెంటపడేవి.

ఆ ఏడే నాకూ మోకాలి కీలు మార్చారు. నేను మంచం పట్టి, వచ్చినవారికల్లా శరీరం అశాశ్వతమని బోధిస్తూ ఉండేవాణ్ణి. అక్క ఒకనాడు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "శరీరం పొయ్యేదే అయివోరూ. పొయ్యేదాకా లేచి నిలబడల్ల గదా! లెయ్యండి." పీట మీద నుంచి చేతులూనకుండా లేవడం, మళ్ళీ కూర్చోవడం, రోజూ అదే పని. లెక్క అరవంలో ఆమే పెట్టేది. ఎనిమిది అయ్యాక మళ్ళీ ఆరు అనేది. ఇదేమి అన్యాయమక్కా అంటే, "మీ ఎనిమిది సరిగా లేదు" అనేది. బరువులెత్తడానికి ఆమె సూత్రం ఒక్కటే: "నడుముతో ఎత్తేది గాదు, తొడతో ఎత్తేది." నేను చదివిన శాస్త్రాలన్నీ కలిసి నా మోకాలికి ఇంత మేలు చేయలేదు.

ఉగాది వచ్చింది. బేరగాడు తెల్లవారకముందే తిన్నె మీద తయారు. అక్క తలపై గుడ్డచుట్ట పెట్టుకొని, మోకాళ్ళు వంచి, క్యానును పట్టుకుంది. బరువు తలకెత్తేటప్పుడు పక్కవాళ్ళు చెయ్యి వేయడం మా ఊరి మర్యాద. ఇద్దరు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. "చెయ్యి పెట్టినారంటే ఇరగ్గొడతా!" అని అరిచింది. క్యాను తుంటి దాకా లేచి ఆగింది. గోవిందన్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి క్యాను ఆమె తల మీద ఉంది. బేరగాడు రెండు పండుగ ఓళిగలు తిని, పగ్గం చుట్టుకొని పోయాడు.

అటుపై మూడేళ్ళు ఆమె నాగా పెట్టలేదు. పాలు పోశాక క్యాను ఒట్టిది కాకూడదని, పిడికెడు రాగులు గుడ్డలో మూటగట్టి దాని పిడికి వేలాడదీసేది. వచ్చేటప్పుడు క్యానులో పోసుకొనేది, ఇల్లు చేరాక కోళ్ళకు వేసేది, మరునాటికి కొత్త మూట కట్టేది. అంబలి తాగకముందే ఆ సోమవారమూ కట్టి ఉంచింది.

ఆ సాయంత్రమే ఆమెను మట్టి చేశాం. మంగళవారం తెల్లవారుజామున లచ్చి అరిచింది. గోవిందన్ పాలు పిండి, ఏడుస్తూనే క్యాను మీదికి నడుం వంచాడు. "తొడతో ఎత్తు రా" అన్నాను. నా గొంతు నాకే ఆమెదిలా వినిపించింది. ఇద్దరం సొసైటీకి పోయి పాలు పోశాం. తిరుగుముఖం పట్టబోతూ అతడు పిడికి ఉన్న మూటను చూశాడు. దాన్ని విప్పి, క్యానులో పోశాడు. ఆ చప్పుడు విని కోళ్ళు వాకిలి దాకా ఎదురొచ్చాయి. వాటికి ఆ రాగులు వేసి, లోపలికి పోయి, రాగుల డబ్బాలో చెయ్యి పెట్టి అలాగే నిలిచిపోయాడు.

"అయివోరూ, అమ్మ పిడికెడు అంటే ఎంత ఉండును?"

అక్కా, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నీ కొడుకుతో "నీ పిడికెడే పొయ్యి రా" అన్నాను. నీ పిడికిలి కొలత మరెవ్వరికీ రాదు. అతడి చెయ్యి పెద్దది, మూట కొంచెం బరువెక్కింది. మరునాటి నుంచి ఆ మూటను నేనే మోస్తున్నాను.